పోనీ, ఓసారి అడిగి చూడకూడదూ?

"నువ్వు అడగట్లేదమ్మా, చెప్తున్నావు."

పోయిన నెలలో ఓ సాయంత్రం మా అమ్మాయి అన్న మాట ఇది. నేను చపాతీలు కాలుస్తున్నాను, తను పక్కన పళ్లెం పట్టుకుని నిలబడింది. కోపంగా కూడా అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు చూపించి, చపాతీ తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

గొడవ దేని గురించో చెప్తాను. మేముండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. మా అమ్మాయి చదివేది గిమ్నాజియుంలో, అంటే తర్వాత యూనివర్సిటీకి వెళ్లాలనుకునే పిల్లలు చదివే హైస్కూలు. ఈ వైపు ఆ పిల్లలు తొమ్మిదిలోనో పదిలోనో ఓ వారం పాటు బయట ఎక్కడైనా పనిచేసి రావాలి. ఆఫీసు కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, దుకాణం కావచ్చు. చోటు పిల్లలే వెతుక్కోవాలి, వాళ్లే వెళ్లి అడగాలి. దీన్ని పొడి అక్షరాల్లో 'బోగి' అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు రైలుపెట్టె గుర్తొచ్చింది, ఆ వెంటనే భోగిమంట.

మా అమ్మాయికి చెక్కపని ఇష్టం. బడిలో చిన్న పుస్తకాల అర ఒకటి చేసుకొచ్చి గోడకి తగిలించుకుంది కూడా. నేనేమో, "మందుల షాపులో అడుగు. మీ నాన్న స్నేహితుడి భార్య అక్కడే పనిచేస్తోంది, తేలిగ్గా దొరుకుతుంది. రేపు మెడిసినో ఫార్మసీయో చదవాలంటే పనికొస్తుంది. నీ ఇష్టం అనుకో" అన్నాను. నా దృష్టిలో అది సలహా. చివర్లో 'నీ ఇష్టం' అని కూడా అన్నానుగా! దానికి తనిచ్చిన జవాబే పైన చెప్పింది.

రెండు రోజుల తర్వాత తెలిసింది, కింది ఫ్లాటు పెద్దావిడ చెబితే వెళ్లి వీధి చివరున్న వడ్రంగి షెడ్డులో అడిగొచ్చిందని. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి చెబితే చేదు, కిందింటావిడ చెబితే తీపా?

"ఆవిడ దానికి నచ్చింది చెప్పుంటుంది, అందుకే వింది" అన్నారు మావారు. నేనూ అదే అనుకున్నాను. ఉండబట్టలేక అమ్మాయినే అడిగాను.

"కాదమ్మా. ఆవిడ నాలుగైదు చెప్పింది. పూల దుకాణం అంది, లైబ్రరీ అంది, వృద్ధాశ్రమం అంది. అన్నీ వద్దన్నాను. ఆవిడేం అనుకోలేదు. నీకు ఒక్కటి వద్దంటే రెండ్రోజులు మాట్లాడవు."

నిజం చెప్పొద్దూ, ఆ రెండ్రోజులూ నేను మాట్లాడలేదు.

అప్పట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. తమాషా ఏమిటంటే, ఈ దేశంలో ఎదుటివాళ్లకి సలహా ఎలా చెప్పాలో నాకు క్లాసులో కూర్చోబెట్టి నేర్పారు. పరీక్ష కూడా పెట్టారు. పాసయ్యాను. ఇంటికొచ్చి ఫెయిలయ్యాను.

నేను జర్మన్ నేర్చుకున్నది ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో. అది పెద్దవాళ్ల బడి. వంట, యోగా, కుట్లు, కంప్యూటరు అన్నీ నేర్పుతారు, మాలాంటి బయటి దేశాలవాళ్లకి భాష కూడా. అక్కడ బి1 పరీక్షకి తయారయ్యేటప్పుడు మాట్లాడే భాగంలో ఒకటుంటుంది. ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి "కలిసి ఒక ప్లాను వేసుకోండి" అంటారు. మాకు వచ్చింది, మీ క్లాసులో ఒకామె ఆసుపత్రిలో ఉంది, చూడ్డానికి వెళ్లాలి, ఎప్పుడు వెళ్తారు, ఏం తీసుకెళ్తారు, ఎలా వెళ్తారు అని.

నాకు జోడీగా పడినావిడ సిరియా నుంచి వచ్చింది. ఆవిడా నాలాగే మొహమాటస్తురాలు. శనివారం వెళ్దామా అని నేనంటే 'గూటె ఇడే', మంచి ఆలోచన అంది. పూలు తీసుకెళ్దామా అని ఆవిడంటే నేను 'గూటె ఇడే' అన్నాను. బస్సులో? గూటె ఇడే. నిమిషం కాకముందే అయిపోయింది. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నాం, ఎంత బాగా కుదిరిందో అని.

మా టీచరు తల అడ్డంగా ఊపింది. "మీరిద్దరూ చాలా మంచివాళ్లు. కానీ ఇది మాట్లాడుకోవడం కాదు. ఒకళ్లు చెప్పినదానికి ఇంకొకళ్లు కాదనాలి, ఎందుకు కాదో చెప్పాలి, బదులు ఇంకోటి చెప్పాలి. మార్కులు అక్కడున్నాయి" అంది. ఆసుపత్రిలో పూలు వద్దంటారేమో, పండ్లయితే ఎలా ఉంటుంది? శనివారం నాకు కుదరదు, ఆదివారం అయితే? ఇలాగన్నమాట. ఎదుటి మనిషి మాట కాదనడానికి మార్కులు వేసే పరీక్ష నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి కాదనడం ప్రాక్టీసు చేశాను.

దాంతోపాటు సలహా చెప్పే వాక్యాలు ఓ పేజీడు బట్టీ పట్టించారు. 'వొలెన్ వీర్' అని మొదలుపెడితే మన 'వెళ్దామా, తిందామా' అన్నట్టు. 'లాస్ ఉన్స్' అంటే 'పద, వెళ్దాం'. 'వీ వేరె ఎస్ మిట్ టే' అంటే 'టీ అయితే ఎలా ఉంటుంది?' అని. 'డూ క్యోన్టెస్ట్' అంటే 'నువ్వు ఫలానాది చెయ్యొచ్చు'. 'ఆన్ డైనర్ ష్టెలె' అంటే 'నీ స్థానంలో నేనుంటే'.

వీటిలో కొన్నిటికి క్రియ మామూలు రూపంలో ఉండదు. 'నేను పక్షినైతే' అనుకునేటప్పుడు వాడే రూపం ఉంటుంది చూశారూ, లేనిదాన్ని ఊహించుకునేది, అది వాడతారు. పాఠంలో దాన్ని రెండో కొన్‌యుంక్టీవ్ అన్నారు. పేరు విని భయపడ్డాను గానీ ఇప్పుడు ఆలోచిస్తే అందులో మర్యాద ఎక్కడుందో తెలుస్తోంది. నేను చెప్పేది ఇంకా ఊహలోనే ఉంది, నువ్వు ఊ అంటే నిజమవుతుంది, లేకపోతే ఊహగానే పోతుంది, ఎవరికీ నష్టం లేదు అని ఆ క్రియే చెప్పేస్తుంది.

పుస్తకంలో సరిగ్గా నేర్పని చిన్న మాటలు ఇంకొన్నున్నాయి. అవే అసలు వాటిలో ప్రాణం. 'మాల్' అని ఒకటి. ప్రతి రెండో వాక్యంలో వినిపిస్తుంది. 'ఐన్‌మాల్' అంటే ఒకసారి. అది అరిగి మాల్ అయింది. మనం 'ఒకసారి'ని 'ఓసారి' చెయ్యలేదూ, అచ్చం అలాగే. పనికూడా అదే. 'ఓసారి ఇటు రామ్మా' అంటే రెండోసారి రావద్దని కాదుగా అర్థం! పిలుపులో పదును తగ్గించడానికి. 'కొమ్' అంటే 'రా'. 'కొమ్ మాల్' అంటే 'ఓసారి రా'. 'కొమ్ దొఖ్ మాల్ ఫొర్‌బై' అంటే 'ఓసారి ఇటు రాకూడదూ!' ఆ 'దొఖ్' అనేదానికి విడిగా అర్థం చెప్పమంటే జర్మన్లే నీళ్లు నములుతారు. నాకు మాత్రం మన 'కూడదూ', 'రాదూ' గుర్తొస్తాయి. 'డాక్టరుకి చూపించుకోరాదూ?' అంటాం చూడండి, అందులో ఉండే సాగదీత అది. అయితే గొంతు కాస్త పెంచి 'దొఖ్' అన్నారంటే విసుగు అన్నమాట, 'రమ్మంటే రావేం' అని. మన 'రాదూ'కి కూడా ఆ గుణం ఉంది కదా.

ఇంకోటి 'రూయిష్'. నిఘంటువులో చూస్తే నెమ్మదిగా, ప్రశాంతంగా అని. మేం దిగిన కొత్తల్లో కిందింటావిడ "ఏమైనా కావాలంటే రూయిష్ అడగండి" అంది. నేను నెమ్మదిగా అడగమంది కాబోలనుకుని, ఆర్నెల్లపాటు ఆవిడతో గుసగుసగా మాట్లాడాను. నాకు గొంతు జబ్బేమో అనుకుందట పాపం. మొహమాటపడకుండా అడగమని దానర్థం.

ఇదంతా చదివి, జర్మన్లు భలే సున్నితంగా మాట్లాడతారన్నమాట అనుకోకండి. అదే వ్యాకరణంతో గిచ్చనూ గిచ్చుతారు. "డూ క్యోన్టెస్ట్ యా ఆవుఖ్ మాల్ చెత్త బయట పెట్టొచ్చు" అన్నారంటే వాక్యంలో మాటలన్నీ మెత్తనివే, అర్థం మాత్రం 'నువ్వూ ఓసారి చెత్త పారేస్తే అరిగిపోవులే' అని. మాల్ ఉంది, క్యోన్టెస్ట్ ఉంది, మర్యాద లేదు.

మా బిల్డింగులో కేర్‌వొఖె అని ఉంటుంది. ఈ ప్రాంతపు ఆచారం. మెట్లు ఊడ్చే వంతు వారానికొకరిది. ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి ఓ బోర్డు వేలాడుతుంది. మొదటి ఏడాది నేను చీపురుతో ఊడ్చి, అయిపోయిందనుకునేదాన్ని. పైఫ్లాటాయన ఓ రోజు మెట్ల మీద నిలబడి, "మెట్లు తడిగుడ్డతో కూడా తుడవొచ్చు" అన్నట్టు ఏదో అన్నాడు. 'మన్ క్యోన్టె' అని మొదలుపెట్టాడు. అంటే 'ఎవరైనా సరే చెయ్యొచ్చు' అని. నేను ఆ 'ఎవరైనా'లో నన్ను చేర్చుకోలేదు. "అవునండీ, తుడవొచ్చు" అని నవ్వి లోపలికొచ్చాను. మూడో వారం బోర్డుతోపాటు ఓ తడిగుడ్డ కూడా నా తలుపుకి వేలాడింది. అంటే అది సలహా కాదు, ఫిర్యాదు. సలహా చొక్కా తొడుక్కుని వచ్చింది.

అప్పుడే నాకు కాస్త అనుమానం రావాల్సింది, మెత్తటి మాటలుంటే చాలదని. రాలేదు. నేను కూడా ఇంట్లో అదే చొక్కా తొడుగుతున్నానని ఇప్పుడు తెలిసింది.

'నీ ఇష్టం' అనే మాట తీసుకోండి. పైకి చూస్తే ఇంతకంటే స్వేచ్ఛనిచ్చే మాట ఏ భాషలోనైనా ఉంటుందా? కానీ మన ఇళ్లలో అమ్మ 'నీ ఇష్టం' అంటే పిల్లలకి గుండె జారుతుంది. 'నీ ఇష్టం, వెళ్తే వెళ్లు' అంటే వెళ్లొద్దని. 'నీ ఇష్టం, ఆ చుడీదారే వేసుకో' అంటే వెంటనే మార్చుకోమని. మా అమ్మ నాతో ఇలాగే అంది, నేను అర్థం చేసుకున్నాను, మార్చుకున్నాను. మా అమ్మాయి ఇక్కడ పెరిగింది. ఇక్కడ టీచరు 'ఈ పుస్తకమైనా చదవొచ్చు, ఆ పుస్తకమైనా చదవొచ్చు' అంటే నిజంగానే ఏదైనా చదవొచ్చు. ఆ పిల్లకి నా 'నీ ఇష్టం' వెనకున్న బెదిరింపు ఎలా వినిపిస్తుందనుకున్నాను? వినిపిస్తోంది, బాగానే వినిపిస్తోంది. నమ్మకం పోగొట్టుకున్నది నేను. ఇప్పుడు నిజంగా నీ ఇష్టం అన్నా నమ్మదు.

నాకు తోచింది ఇది. సలహాకీ ఆజ్ఞకీ తేడా వాక్యంలో లేదు. ఎదుటివాళ్లు వద్దన్నాక మన మొహం ఎలా ఉంటుందన్నదాంట్లో ఉంది. వద్దంటే మొహం మాడ్చుకునేటట్టయితే మనం చెప్పింది సలహా కాదు. ఎన్ని 'పోనీ'లు, ఎన్ని 'మాల్'లు కలిపినా కాదు.

కిందింటావిడ సంగతి ఒకటి చెప్తాను. మేం వచ్చిన మూడో ఏడు ఆవిడ ఓ రోజు కాఫీకి పిలిచి, "మనం ఇక 'డూ' అనుకోకూడదూ?" అంది. డూ అంటే నువ్వు, జీ అంటే మీరు. ఇక్కడ నువ్వు అనుకుందామని అడగాల్సింది వయసులో పెద్దవాళ్లు. అది గౌరవం, దగ్గరితనం. నేను ఇరుకున పడ్డాను. ఆవిడకి డెబ్బై దాటాయి, మా అమ్మ కంటే పెద్ద. నోరు రాలేదు. "మా వైపు పెద్దవాళ్లని నువ్వు అనలేమండీ" అని నసిగాను. ఇంత పెద్దావిడ అడిగితే కాదన్నందుకు ఏమనుకుంటుందోనని ఒకటే బాధ. ఆవిడ "అలాగా, అయితే జీ తోనే ఉందాం" అని కాఫీ పోసింది. ఆ తర్వాత మాటలోనూ చూపులోనూ ఏ తేడా లేదు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఓ శీతాకాలం నాకు జ్వరమొస్తే ఆవిడ సూపు పట్టుకుని పైకొచ్చింది. నా నోట్లోంచి 'డూ' అని దానంతటదే వచ్చేసింది. ఆవిడ ఒత్తిడి చేసుంటే నేను మొహమాటానికి నువ్వు అనేదాన్నే, మనసులో మాత్రం మీరుగానే ఉండిపోయేదేమో.

ఇప్పుడు మా వాళ్లెవరైనా ఇది చదివితే ఏమంటారో నాకు తెలుసు. "బావుందమ్మా, అన్నీ పిల్లల్ని అడిగి చేస్తామా? అడిగితే అన్నీ వద్దంటారు" అంటారు. నిజమే. మందు వేసుకోవాలా అని అడగం, రాత్రి ఎన్నింటికి ఇంటికి రావాలో అడగం, బడికి వెళ్తావా అని అడగం. వాటిని ఆజ్ఞలుగానే చెప్పాలి, సూటిగా. 'తొమ్మిదింటికి ఇంట్లో ఉండాలి' అని. నేనంటున్నది ఆజ్ఞలు మానేయమని కాదు. ఆజ్ఞని ఆజ్ఞలా చెబుదాం, సలహాని సలహాలా చెబుదాం. ఆజ్ఞకి సలహా చొక్కా తొడగొద్దు. అలా తొడిగి తొడిగి చివరికి మన అసలు సలహా కూడా పిల్లలకి ఆజ్ఞలాగే వినిపిస్తుంది. వాళ్లకి నిజంగా మన మాట అవసరమైన రోజున అడగడానికి మన దగ్గరికి రారు, కిందింటికి వెళ్తారు. మా ఇంట్లో జరిగింది అదే. వడ్రంగి షెడ్డు కాబట్టి సరిపోయింది. రేపు ఇంతకంటే పెద్ద విషయం వస్తే?

ఇంకోమాట కూడా అంటారు, మన పద్ధతి మనకుంది, వాళ్లది మనకెందుకు అని. మన పద్ధతి చిన్నదేం కాదు. మొదటిసారి కిందింటావిడ కేకు పెట్టి ఇంకో ముక్క వేసుకుంటారా అంటే నేను అలవాటుగా "నైన్, డాంకె" అన్నాను. ఆవిడ కేకు తీసి లోపల పెట్టేసింది! నేను ఖాళీ ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. మనింట్లో అయితే వద్దంటే 'అదేమిటి, ఒక్కటి' అని, మళ్లీ వద్దంటే 'నా మీద ఒట్టు' అని విస్తట్లో వేసేస్తాం. ఎందుకంటే ఎదుటివాళ్లు మొహమాటానికి వద్దంటున్నారని మనకి తెలుసు. మూడుసార్లు అడగడం మన మర్యాద, రెండుసార్లు వద్దనడం వాళ్ల మర్యాద. ఇద్దరికీ ఆ లెక్క తెలిసినంతకాలం అందులో ప్రేమే ఉంది. చిక్కల్లా ఒకే ఇంట్లో అమ్మ ఒక లెక్కలో, కూతురు ఇంకో లెక్కలో ఉన్నప్పుడు వస్తుంది. నేను మూడోసారి అడిగితే ప్రేమ అనుకుంటున్నాను. తనేమో రెండుసార్లు చెప్పినా వినలేదనుకుంటోంది.

అయినా ఈ మెత్తటి మాటలు నేర్చుకోవడానికి నేను జర్మనీ రావక్కర్లేదు. తెలుగులో లేవా? 'పోనీ' ఉంది. ఒక్క మాటలో 'అది నచ్చకపోతే పోనివ్వు, ఇదెలా ఉంటుందో చూడు' అని చెప్పేస్తుంది. 'కాస్త' ఉంది, 'ఓసారి' ఉంది, 'కూడదూ' ఉంది, 'అయితే ఎలా ఉంటుందంటావు' ఉంది. వీటన్నిటినీ నేను రోజూ వాడుతూనే ఉన్నాను, పైవాళ్లతో. గుడి కమిటీవాళ్లతో, మావారి ఆఫీసువాళ్ల భార్యలతో, ఫోనులో వదినగారితో. "పోనీ మీరే ఓసారి చూడకూడదూ వదినా" అని ఎంత తియ్యగా అంటానో! ఫోను పెట్టేసి వెనక్కి తిరగ్గానే, "ఏయ్, ఆ గది సర్దు." బయటివాళ్ల కోసం దాచుకున్న గాజుగ్లాసుల్లాగా ఈ మాటల్ని కూడా అల్మరాలో పెట్టేశాను. ఇంట్లోవాళ్లకి స్టీలు గ్లాసు చాలదూ అని.

ఇంట్లో నాతో ఆ మాటలు మాట్లాడేది ఒక్క మా అమ్మ. తెనాలి నుంచి ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది. ఏటా కార్తీకం వెళ్లగానే అడుగుతుంది, "పోనీ ఈ సంక్రాంతికి ఓసారి వచ్చి వెళ్లకూడదూ?" అని. ఈ గొడవంతా అయ్యాక, మొన్న ఆదివారం ఆ వాక్యం మళ్లీ వింటుంటే నేను మొదటిసారి విన్నట్టు విన్నాను. పోనీ ఉంది, ఓసారి ఉంది, కూడదూ ఉంది. మూడూ పెట్టి అడుగుతోంది. నేను కాదనడానికి ఎంత వీలిస్తోందో! ఇన్నేళ్లుగా నేను ఆ వీలు ఎంచక్కా వాడేసుకున్నాను. "చూద్దాంలే అమ్మా" అంటాను. జర్మన్లో కూడా సరిగ్గా ఇదే ఉంది, 'మాల్ జేన్', ఓసారి చూద్దాం అని. అక్కడా ఇక్కడా దానికి అర్థం ఒకటే, ఏమీ చూడబోవట్లేదని.

సలహా చెప్పేవాళ్లు వద్దనడానికి చోటివ్వాలని ఇంతసేపూ రాశాను. వినేవాళ్ల వంతు కూడా ఒకటుంది. అంత చోటిచ్చి అడిగినవాళ్లకి సరైన జవాబు బాకీ ఉంటాం. వద్దయితే వద్దని, ఎందుకు వద్దో, బదులు ఏమిటో. మా టీచరు మార్కులు ఉన్నాయన్నది అక్కడే కదా. మెత్తగా అడిగారు కదాని 'చూద్దాం' అని తోసేస్తే, గట్టిగా అడిగేవాళ్ల పనులే జరుగుతాయి లోకంలో.

అందుకని అమ్మకి చెప్పాను, "సంక్రాంతికి కుదరదమ్మా. ఇక్కడ పండక్కి ముందే బడి తెరుస్తారు, మానిపించి తీసుకురానివ్వరు. ఆగస్టులో అయితే నాలుగు వారాలు ఉండేట్టు వస్తాం. టిక్కెట్లు ఈ నెల్లోనే కొంటాను." అమ్మ ఓ క్షణం మాట్లాడలేదు. తర్వాత, "ఆగస్టంటే శ్రావణ మాసం కూడా కలిసొస్తుందేమో చూడు" అంది.

వడ్రంగి షెడ్డాయన మా అమ్మాయికి సరేనన్నాడు. నేను మందుల షాపు ఊసు ఎత్తలేదు. ఒకసారి నోటిదాకా వచ్చింది, చపాతీ తిరగేసి ఊరుకున్నాను. మొన్న రాత్రి "జుట్టు ముడేసుకుని వెళ్తే నయమేమో, మిషన్లుంటాయి కదా, ఏమంటావు?" అని అడిగాను. "జడ చాలమ్మా" అంది. సరే అన్నాను. మామూలు మొహంతోనే అన్నాననుకుంటున్నాను, ఎందుకంటే తను వెళ్లిపోలేదు, అక్కడే గట్టు మీద కూర్చుంది.

కాసేపాగి, "అమ్మా, అక్కడ ఏడింటికల్లా ఉండాలట. పోనీ నన్ను ఆరింటికి లేపుతావా?" అంది. ఆ 'పోనీ' అక్కడ అతకదు. నేను దిద్దలేదు.